చిత్రిక పట్టని పలకలు

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
వానలకు ముందు

ఒరేయ్ బామ్మర్దీ,

నువ్వు బాగున్నావని నేను అనుకోవడం లేదు. నేనూ బాగాలేను. కాబట్టి ఆ కుశల ప్రశ్నలు వదిలేసి అసలు సంగతికి వస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మొన్న ఫోన్లో నేను చెబుతుంటే అవతల నుంచి నువ్వు "ఊఁ, ఊఁ" అన్నావు చూడు, అచ్చం మీ అక్క ఊఁ కొట్టినట్టే ఉంది. అక్కాతమ్ముళ్లకు ముక్కూ మొహం కలుస్తాయి గానీ ఊఁ కొట్టే తీరు కూడా కలుస్తుందని నాకు తెలియదు. ఇకమీదట ఏమున్నా ఉత్తరాల్లోనే మాట్లాడుకుందాం.

సంగతి మీ అక్క పికప్ బండి గురించి. షెడ్డులోనే ఉంది. నా కంటే వయసులో పెద్దదైనా ముందు భాగం ఇంకా నిక్షేపంలా ఉంది. గుండ్రటి దీపాలు, బుగ్గలు పూరించినట్టుండే మడ్‌గార్డులు, దేనికీ ఢోకా లేదు. వెనక మొక్కలు వేసుకునే తొట్టికే అడుగు లేదు. ఏళ్ల తరబడి తడి కుండీలు మోసి మోసి చెక్కలు పుచ్చిపోతే, చలికాలం మొదట్లో మీ అక్కే గునపం పెట్టి అన్నీ ఊడబెరికింది. "కొత్తగా ఏం వేయిస్తావు?" అని అడిగాను. "ఏదో ఒకటి వేయిస్తాలెండి, కూర్చునేవారికి ఇవన్నీ ఎందుకు" అంది. ఆ తర్వాత కొన్నాళ్లకే నర్సరీలో నీళ్లు పెడుతూ పెడుతూ పడిపోయింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి పైపులోంచి నీళ్లింకా పోతూనే ఉన్నాయి.

కూర్చునేవాణ్ణి అన్న మాట నిజమే. నాకు బండి నడపడం రాదు. తను మొక్కలు దింపడానికి వెళ్లిన సెలవు రోజుల్లో నేను వెనక తొట్టిలో, క్యాబిన్‌కు వీపు ఆనించి, ఒరిగిపోయే మొక్కల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాణ్ణి. "మా క్లీనరు" అని అందరికీ పరిచయం చేసేది. కళ్లద్దాలు అరగదీసి వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషిని, క్లీనరట!

ఇప్పుడు షెడ్డు తలుపు తీస్తే ఆ అడ్డ కమ్ములూ, వాటి సందుల్లోంచి నేలా కనిపిస్తున్నాయి. చూడలేకపోతున్నాను. అడుగు వేయించాలి. వీధి చివర వెల్డరు ఇనుప రేకు పరిచేస్తానంటున్నాడు. వడ్రంగివి కాబట్టి నిన్ను అడుగుతున్నాను. ఏం వేయించమంటావు? మీ అక్క మనసులో ఏముందో నీకేమైనా చెప్పిందా?

మీ బావ

*

చెక్కల షెడ్డు
తొలివాన పడ్డ మర్నాడు

బావా,

రంపం ఆపి నీ ఉత్తరం చదివాను. నీ చేతిరాత ఇంకా కళ్లు పరీక్ష చేసే బోర్డులో అట్టడుగు వరసలాగే ఉంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చదవాల్సి వచ్చింది.

అక్క నాకేమీ చెప్పలేదు.

ఇనుప రేకు మాత్రం వద్దు. ఏడాది పాటు బాగానే ఉంటుంది. తర్వాత రేకుకూ కమ్ములకూ మధ్య చేరిన తడికి ఆరే దారి ఉండదు. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు తినేస్తూ ఉంటుంది. పైగా ఎండలో పెనంలా కాలుతుంది. దాని మీద నువ్వెలా కూర్చుంటావు?

ఆ కాలం బండ్లకు చెక్కే అందం. పలకకూ పలకకూ నడుమ సన్నటి సందు వదిలి, సందు మీద ఇనుప పట్టీ వేసి బిగిస్తారు. వానకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. దాని చోటు దానికి ఉండాలి. టేకు మంచిదే గానీ ఇప్పుడు దొరికేదంతా లేత టేకు, సగం తెల్ల చెక్కే ఉంటుంది. మంచి సరుకు కనపడ్డప్పుడు చూద్దాం. తొందరేముంది? బండేమీ పారిపోదుగా.

వేళకు తింటున్నావా? ఒక్కడివే కదా అని రొట్టె ముక్కతో సరిపెట్టకు. అక్క నర్సరీ మొక్కలకు నీళ్లు మరీ ఎక్కువ పోసేస్తున్నావని పక్కింటావిడ చెప్పింది. వేళ్లు కుళ్లిపోతాయి బావా. మట్టి ఆరాకే పొయ్యి.

నీ బామ్మర్ది

*

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
ముసురు పట్టిన వారం

ఒరేయ్,

బండి పారిపోదుగా అన్నావు. పారిపోయే ఏర్పాట్లే చేస్తున్నాను.

మా దుకాణం మేడ మీద పళ్ల డాక్టరు ఉన్నాడు కదా, ఆయనకు పాత బండ్లంటే పిచ్చి. ఎవరు చెప్పారో ఏమో, షెడ్డుకు వచ్చాడు. నోళ్లు తెరిపించి చూసే అలవాటు కదా, వస్తూనే బానెట్ తెరిపించి, టార్చి వేసి, తల లోపల పెట్టి చాలాసేపు చూశాడు. "పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయండీ" అన్నాడు. మీ అక్క పోయాక నేను నవ్వింది అప్పుడే.

తీసుకుంటానన్నాడు. కానీ అడుగు వేయించి ఇవ్వమన్నాడు. తొట్టికి అడుగులేని బండి ఇంటికి తెస్తే వాళ్లావిడ గేటు దగ్గరే నిలబెట్టేస్తుందట.

నీకు కోపం వస్తుందని తెలుసు. నాకు నడపడం రాదు, ఈ వయసులో నేర్చుకోలేను. కదలకుండా ఉండి ఉండి టైర్లు నేలకు అంటుకుపోతున్నాయి. నడిపేవాళ్ల దగ్గర ఉంటే బండికైనా మంచిది. నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్ ఉంటుందట కదా, అది వేస్తే సరిపోదూ? చప్పున చెప్పు.

మీ బావ

*

చెక్కల షెడ్డు
అదే ముసురులో

బావా,

నీ ఉత్తరం చదివి ఆ రోజు పని చెయ్యలేదు.

బండి నీది. అమ్ముకుంటే అడ్డుపడటానికి నేనెవర్ని? కానీ అక్క ఆ పాత చెక్కలు ఊడబెరికింది పళ్ల డాక్టరు కోసం కాదు. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆ బండిలోనే. గేరు మార్చినప్పుడల్లా కీచుమంటుంటే "దాన్ని ఏడిపించకురా" అని నా చేతి మీద చెయ్యేసి తనే మార్చేది. నీకు అది ఓ బండి. నాకు అది మా అక్క చెయ్యి.

ప్లైవుడ్ అంటావా? పైన ఎన్ని పూతలు పూసినా అంచుల్లోంచి నీళ్లు తాగుతుంది. తాగి పొరలు పొరలుగా విడిపోతుంది. అల్యూమినియం అంటావేమో, ఇనుప కమ్ముల మీద తడిలో దాన్ని వేస్తే రెంటికీ పొసగదు, ఒకదాన్నొకటి తినేస్తాయి. పైన్ చెక్క మెత్తన, కుండీ అంచు పెడితే దిగబడిపోతుంది. ప్లాస్టిక్ పలకలు నీళ్లకు జారతాయి.

వానలు తగ్గేదాకా ఆగు. ఈ తడిలో ఏ చెక్క వేసినా తర్వాత సందులు నోళ్లు తెరుస్తాయి. పళ్ల డాక్టర్ని కూడా ఆగమను. ఆగలేకపోతే ఇంకో బండి చూసుకోమను.

*

కళ్లజోళ్ల దుకాణం
బుధవారం

బామ్మర్దికి,

రేకంటే తుప్పంటావు. ప్లైవుడ్ అంటే పొరలంటావు. నేను అడగని అల్యూమినియానికి కూడా వంక పెట్టావు. పెళ్లికి ముందు మీ నాన్న నాకు పెట్టిన వంకలు కూడా ఇన్ని లేవు.

అడుగు పడకపోతే బండి కదలదని నీ ఎత్తు. నాకు తెలియదనుకోకు. కానీ కారణమేదో తిన్నగా చెప్పవేం? నువ్వు బాధపడుతున్నావని నాకు తెలుసు. నేను పడటం లేదా? నువ్వు ఎక్కడో ఊళ్లో ఉన్నావు, బండిని తలుచుకుంటావు. నేను పొద్దున లేచి షెడ్డు తలుపు తియ్యాలి. తీస్తే ఆ డ్రైవరు సీటు కనిపిస్తుంది. దాని గురించి నీకు రాయలేను.

శనివారం వెల్డరు వస్తున్నాడు. రేకే వేయిస్తున్నాను. నీకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఈలోగా చెప్పు.

బావ

*

చెక్కల షెడ్డు
ఉత్తరం అందిన పూటే

బావా,

నీకు అబద్ధం చెప్పాను. అక్క నాకు చెప్పింది. చెప్పడమేమిటి, తనే దగ్గరుండి ఎంచుకుంది.

అంతకు ముందటి ఎండాకాలంలో ఓ రోజు బండేసుకుని మా షెడ్డు ముందు దిగింది. "మొక్కలు దింపడానికి వెళ్తున్నానని మీ బావతో చెప్పి వచ్చాను. నోరు జారావంటే చంపేస్తాను" అంది. తొట్టికి మంచి చెక్క కావాలంది. నేను టేకు చూపించాను. తను అన్నీ వేలితో కొట్టి చూసి, మద్ది దుంగ దగ్గర ఆగింది. మద్ది బరువు, మొండి, తొందరగా ఎండబెడితే పగుళ్లు ఇస్తుంది, నీడలో నెమ్మదిగా ఆరాలి, చాలా రోజులు పడుతుందక్కా అన్నాను. "పడనీ. ఈయన ఎక్కడికి పోతాడు, నేనెక్కడికి పోతాను" అంది.

కోయించి, పలకల నడుమ పుల్లలు పెట్టి, చివర్లు పగలకుండా రంగు పూసి పేర్చాను. వచ్చినప్పుడల్లా తనే పలకలు తిరగేసేది. నా చెవి మీది పెన్సిల్ లాక్కుని వాటి మీద రాసేది. "ఇది పైకి" అని ఒకదాని మీద. "ఈ ముడి డ్రైవరు వైపు" అని ఒకదాని మీద. కొంచెం వంకర పోయిన పలక మీద "ఇది మా తమ్ముడి టైపు, అంచుకు తొయ్యాలి" అని. నవ్వుకునేవాళ్లం.

నీకు ఎందుకు చెప్పొద్దందో తెలుసా? "పాత చెక్కల ముళ్లు ఆయనకు గుచ్చుకుంటాయిరా. ఒక్కరోజూ నోరు మెదపడు. ఇంటికొచ్చాక ప్యాంటు ఉతుకుతుంటే నాకు తెలుస్తుంది. కొత్త అడుగు మీద ఎక్కి కూర్చున్నాక ఆయన మొహం చూడాలి" అంది.

చలికాలానికి పలకలు ఆరాయని కబురు పెట్టాను. ఆ సంబరంలోనే పాతవి ఊడబెరికింది. తర్వాత సంగతి నీకు తెలుసు.

పలకలు ఇక్కడే ఉన్నాయి బావా. మిగిలింది చిత్రిక పట్టడమే. రెండు వైపులా నున్నగా చిత్రిక పట్టి, రెండు వైపులా నూనె పెట్టాలి. ఒక వైపు వదిలేస్తే పలక వంగుతుంది. చిత్రిక పడితే అక్క రాసిందంతా పొట్టులో పోతుంది. ఎన్నిసార్లు పనిముట్టు చేతిలోకి తీసుకున్నానో! బ్లేడు పదును చూసి, పలకను బల్ల మీదికి ఎక్కించి, ఆ రాత చూసి మళ్లీ దించేసేవాణ్ణి. వడ్రంగి పని చేసేవాణ్ణి, చెక్క మీద పెన్సిల్ గీత చెరపలేకపోతున్నానంటే ఎవరికి చెప్పుకోను?

నీకు చెబితే పంపమంటావు. పంపాలంటే చెరపాలి. అందుకే చెప్పలేదు. నువ్వు అమ్ముతానన్నాక ఇంకా భయపడ్డాను. అడుగు లేకుండా ఎన్నాళ్లుంటే అన్నాళ్లు బండి నీ దగ్గరే ఉంటుందని ఏ చెక్క అన్నా వంక పెట్టాను.

ఫోన్ చేసి చూశాను, ఈ వానకు కలవడం లేదు. వెల్డర్ని ఆపు. నువ్వు ఒప్పుకుంటే చిత్రిక పట్టి నేనే తెచ్చి బిగిస్తాను. బండి మాత్రం అమ్మకు బావా.

నీ బామ్మర్ది

*

ఇల్లు
సోమవారం

ఒరేయ్,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. వానకు దారి తెగిందంటున్నారు, రాశావో లేదో. శనివారం వెల్డరు వచ్చి రేకు పరిచి వెళ్లాడు. నువ్వు చెప్పినట్టే మెరుస్తోంది. ఇవాళ పొద్దున పళ్ల డాక్టరు వచ్చి బండి తీసుకెళ్లాడు.

మొన్న రాయలేనన్నది ఇప్పుడు రాస్తాను. ఇక దాచి ఏం చెయ్యను.

మీ అక్క పొట్టి కదా. సీటు పూర్తిగా ముందుకు లాగి పెట్టుకునేది. తను పోయాక ఓ రోజు, ఎలాగైనా నడపడం నేర్చుకుందామని ఎక్కి కూర్చున్నాను. మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలి ఇరుక్కుపోయాను. సీటు కింద ఓ లివరు ఉంటుంది, లాగితే వెనక్కి జరుగుతుంది. చెయ్యి పెట్టాను. లాగలేకపోయాను. అది తను కూర్చున్న చోటు, తను పెట్టుకున్నట్టే ఉంది. నేను జరిపితే మళ్లీ అక్కడికే తేగలనా? ఆ రోజు నుంచి ఎన్నోసార్లు ఎక్కాను, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను, దిగాను. నేర్చుకోలేక కాదురా అమ్మింది. సీటు జరపలేక.

పళ్ల డాక్టరు ఎక్కాడు. ఆయనది పొడుగు కాళ్లు. కిందకు చెయ్యి పెట్టి ఒక్క గుంజు గుంజాడు. టక్కుమంది. అంతే.

వీధి మలుపు దాకా వెనకాలే నడిచాను. ఆయన అద్దంలో చూసి, నేను సంతోషంతో సాగనంపుతున్నాననుకుని చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మీ బావ

*

చెక్కల షెడ్డు

బావా,

నా ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. నీదీ నాదీ దారిలో ఎదురుపడి, పలకరించుకోకుండానే పక్కనుంచి వెళ్లిపోయి ఉంటాయి.

నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది. సీటు సంగతి చదివాక నిన్ను అన్న మాటలన్నీ తిరిగి నాకే గుచ్చుకుంటున్నాయి. బండి నీకు ఉట్టి బండే అని రాశాను చూడు.

ఒక్క దారి ఉంది. పళ్ల డాక్టర్ని అడుగు. ఆ రేకు విప్పించి మద్ది పలకలు వేయించుకోమను. ఈసారి చిత్రిక పట్టేస్తాను. కళ్లు మూసుకునైనా పట్టేస్తాను. బండి ఎవరి దగ్గరున్నా అక్క కోరుకున్న అడుగు దానికి పడాలి.

*

ఇల్లు
వానలు తగ్గాక

నా బామ్మర్దికి,

నీ ఉత్తరాలు రెండూ కలిపి వచ్చాయి. మొదటిది చదివి, దుకాణం మూసేసి ఇంటికి వచ్చేశాను. ఏడ్చాను. తను పోయిన రోజున జనం మధ్య ఏడవలేకపోయాను, అది కూడా కలిపి ఏడ్చాను. ప్యాంటుకు అంటుకున్న ముళ్లు చూసేదన్న సంగతి నాకు తెలియదురా. ఇన్నేళ్ల కాపురంలో నేను మహా ఓర్చుకుంటున్నానని అనుకున్నాను. తనకు తెలిసే ఉందన్నమాట.

తర్వాత నువ్వు చెప్పినట్టే మేడ మీదికి వెళ్లి డాక్టర్ని అడిగాను. మంచివాడు. విషయం చెబితే, నోట్లో దూదితో కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "తప్పకుండా వేయిద్దామండీ. అద్దంలా మెరిసేట్టు పాలిష్ పట్టించండి" అన్నాడు. సరేనని సగం మెట్లు దిగాను. అద్దంలా అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. మళ్లీ ఎక్కి, వద్దులెండి, రేకే ఉండనివ్వండి అని చెప్పి వచ్చాను.

చిత్రిక పట్టకు. నూనె పెట్టకు. ఉన్నవి ఉన్నట్టు పంపు. ఏ పలక ఎక్కడో మాత్రం ఓ కాగితం మీద గీసి పంపు.

సీటు సంగతి నేను ముందే రాసి ఉంటే నువ్వు పలకల సంగతి రాసేవాడివి. మనిద్దరం కలిసి బండి పోగొట్టుకున్నాం. ఒక్కడివే భుజాన వేసుకోకు.

మీ బావ

*

షెడ్డు
ఆదివారం

ఒరేయ్ బామ్మర్దీ,

పలకలు చేరాయి. లారీవాడు దించుతూ "ఇంత మంచి చెక్క, ఇలా గరుగ్గా వదిలేశాడేమిటండీ ఆ వడ్రంగి" అని నిన్ను తిట్టాడు. నేను నీ తరఫున ఏమీ మాట్లాడలేదు. అదో సరదా.

బండి నిలబడ్డ చోట టైర్ల మరకలు నేల మీద ఇంకా ఉన్నాయి. వాటి మధ్య ఇటుకలు పేర్చి, నువ్వు గీసిన గీత ప్రకారం పలకలు పరిచాను. వంకర పలక, నీ టైపుది, అంచుకు తోశాను. పలకకూ పలకకూ సందు వదిలాను. షెడ్డులో వాన పడదు, ఎండ తగలదు, అయినా వదిలాను. దాని చోటు దానికి ఉండాలన్నావుగా.

పెన్సిల్ రాత చాలా చోట్ల వెలిసిపోయింది. దుకాణం నుంచి భూతద్దం తెచ్చి, మోకాళ్ల మీద పాకుతూ చదివాను. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. నువ్వు చెప్పనిది ఒకటి ఉంది. నడిమి పలక, క్యాబిన్ వైపు చివర, రంగు పూసిన చోటుకు కాస్త ఇవతల, చిన్న చిన్న అక్షరాల్లో. "ఇది ఆయన చోటు. ఒక్క ముల్లు కూడా ఉండకూడదు."

నువ్వు మర్చిపోయావా, నేనే చూసుకోవాలని వదిలేశావా? ఏదైనా సరే, బాగానే చేశావు.

గోడకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాను. నర్సరీలో నేను చంపకుండా మిగిల్చిన మొక్కలు కొన్ని తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాను. ఒకటి ఒరిగిపోతుంటే అలవాటుగా పట్టుకున్నాను. బండి కదలడం లేదు కదా, ఎందుకు ఒరుగుతుందో నాకు తెలియలేదు. చాలాసేపు పట్టుకునే ఉన్నాను.

చిత్రిక పట్టొద్దని నేనే అన్నాను కదా. కూర్చోగానే గుచ్చుకుంది. మీ అక్క రాసిన అక్షరాల పక్కనుంచే లేచిన ముల్లు. ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

ఇట్లు
మీ అక్క క్లీనరు